కీల్పాక్‌లో 1949 నాటి పోర్షన్: రిపేరు జరగాలి, ఇంటి రూపం పోకూడదు

కీల్పాక్ కోడలు:

అందరికీ నమస్కారం. చెన్నైలో పాత ఇళ్ళకి పని చేయించినవాళ్ళూ, స్వయంగా ఆ పని తెలిసినవాళ్ళూ ఇక్కడ ఉంటారని రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది కిందా పైనా కలిపి నాలుగు పోర్షన్ల ఇల్లు. మా మామగారి నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డాక 1949లో కట్టించారు. పిట్టగోడ మీద ఆ సంవత్సరం ఇప్పటికీ ఉంది. తర్వాత పంపకాల్లో ఒక్కో పోర్షన్ ఒక్కొక్కరికి వెళ్ళింది, పైన కుడివైపుది మాకొచ్చింది. మా అత్తగారు పెళ్ళై వచ్చినప్పటి నుంచీ అందులోనే ఉన్నారు. ఇప్పుడు ఆవిడకి 78 ఏళ్ళు.

ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. వీధి వైపు బాల్కనీ మూల గుండ్రంగా ఒంపు తిరిగి ఉంటుంది. కిటికీల మీది సన్‌షేడ్ తెగకుండా ముందు గోడంతా సాగి, ఆ మూల దగ్గర బాల్కనీతో పాటే తనూ ఒంపు తిరుగుతుంది. మెట్ల దగ్గర కింది నుంచి పైదాకా సన్నటి నిలువు కిటికీ, దానికి రంగు అద్దాలు. గ్రిల్స్‌లో ఉదయించే సూర్యుడూ కిరణాలూ. ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ చూసినవాళ్ళకి ఈ పద్ధతి తెలుస్తుంది, ఆర్ట్ డెకో అంటారు. 1930ల్లో, 40ల్లో మద్రాసులో పెద్ద కంపెనీలు ఆఫీసులు ఇలా కట్టుకుంటే, వాటిని చూసి మధ్యతరగతి వాళ్ళు కూడా తమ తాహతుకి తగ్గట్టు ఒక ఒంపు, నాలుగు గీతలు పెట్టించుకున్నారు. మా ఇంటి లాంటివి కీల్పాక్, ఎగ్మూర్, టి.నగర్ లోపలి వీధుల్లో ఇంకా కొన్ని మిగిలాయి. ప్రతి ఏడాదీ ఒకటో రెండో పడిపోతున్నాయి.

లోపల హాలు ఎత్తు పదకొండు అడుగుల పైనే. టేకు దూలాలు, వాటి మీద ఐమూలగా పేర్చిన చిన్న చిన్న ఇటుకలు కనిపిస్తాయి. నేల ఎర్ర గచ్చు, అంచున నల్ల బోర్డరు, పూజగది గడప ముందు గచ్చులోనే వేసిన పద్మం. ప్రతి తలుపు మీదా వెంటిలేటరు ఉంది. ఎండాకాలంలో పొద్దున వీధి కిటికీ మూసి, వెంటిలేటర్లు తెరిచి ఉంచితే మధ్యాహ్నం దాకా ఫ్యానుతో సరిపోతుంది. పక్క వీధిలో మా చెల్లెలి కొత్త ఫ్లాట్లో టిఫిను కాకముందే ఏసీ వెయ్యాలి.

ఇప్పుడు సమస్య. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి వెళ్ళాక హాలు కప్పులో రెండు దూలాల మధ్య నల్లగా మరక పడింది. ఇటుకల సందుల్లోంచి పొడి రాలుతోంది. పడమటి గోడ పైభాగంలో పెయింటు పొంగి పెచ్చులుగా ఊడుతోంది. బాల్కనీ సన్‌షేడ్ అడుగున సిమెంటు పగిలి తుప్పు పట్టిన కమ్మీ కనబడుతోంది. వైరింగు చెక్క పట్టీల్లో పోతుంది, ఇంకా పింగాణీ ఫ్యూజులే. వంటింటి గుమ్మం దగ్గర గచ్చు నెర్రె విచ్చింది. బాత్రూము అత్తగారికి అనువుగా లేదు.

ఒక కాంట్రాక్టరు వచ్చి చూశాడు. కప్పు తీసేసి స్లాబు వేద్దాం, లేకపోతే ఫాల్స్ సీలింగ్ కొట్టి కప్పేద్దాం అన్నాడు. గచ్చు మీద విట్రిఫైడ్ టైల్స్, టేకు కిటికీల చోట యూపీవీసీ అనే ప్లాస్టిక్ కిటికీలు, బాల్కనీకి అల్యూమినియం స్లైడింగ్ పెట్టి గదిలో కలిపెయ్యడం. "కొత్త ఫ్లాట్ లాగా అయిపోతుందమ్మా" అన్నాడు. నాకు కొత్త ఫ్లాట్ అక్కర్లేదు. ఈ ఇల్లే గట్టిగా, కురవకుండా, అత్తగారు భయం లేకుండా తిరిగేలా కావాలి.

ఈ కప్పు బాగవుతుందా, తీసెయ్యాల్సిందేనా? గోడకి సిమెంటా, సున్నమా? గచ్చుని అతకొచ్చా? డబ్బంతా ఒకేసారి పెట్టలేం, అత్తగారు ఇల్లు వదిలి రానంటున్నారు. కాబట్టి దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.


గానుగ సున్నం:

అమ్మా, గచ్చూ కిటికీలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు నీళ్ళు ఎక్కడినుంచి దిగుతున్నాయో తేలాలి. నేను ఉద్యోగమంతా కట్టడాల మీదే చేసి రిటైరయ్యాను. జార్జ్ టౌన్, ట్రిప్లికేన్, మైలాపూర్లలో మీ కప్పు లాంటివి చాలా విప్పించి చూశాను. దూలాలు గట్టిగా ఉంటే ఆ కప్పు తప్పకుండా బాగవుతుంది.

దాన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద అంగుళం మందం చిన్న ఇటుకల్ని నిటారుగా, దూలాలకి ఐమూలగా, సున్నంతో అతుకుతూ పోతారు. మూల నుంచి మొదలుపెడితే ప్రతి వరసా ముందు వరసని పట్టుకుని నిలబడుతుంది, కింద సెంట్రింగు అక్కర్లేదు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు. కరక్కాయా బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు చల్లుతూ ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టేవారు. బడితె ఎగిరి వెనక్కి వచ్చేదాకా కొట్టడమే లెక్క. ఆపైన పల్చటి మట్టి పెంకులు, సున్నం దర్జులు. అంత మందం ఉంది కనకే మీ హాలు చల్లగా ఉంటుంది.

సున్నానికి ఒక గుణం ఉంది. ఎండకీ వానకీ దూలం కొంచెం కదిలితే అదీ కదులుతుంది. వెంట్రుకవాసి పగుళ్ళు పడినా, వాన నీటికి కరిగిన సున్నం మళ్ళీ ఆ సందులోనే గట్టిపడి పూడుకుంటుంది. లోపలికి దిగిన చెమ్మ పైనుంచో కిందనుంచో ఆరిపోతుంది. ఇలాంటి మిద్దె మీద ఎవరో ఒకరు, ఏదో ఒక వానాకాలం తర్వాత, కురుస్తోందని సిమెంటు పూత వేయిస్తారు. సిమెంటు కదలదు, పగులుతుంది. ఆ పగుల్లోంచి నీళ్ళు దిగుతాయి, తిరిగి ఆరే దారి ఉండదు. అవి పోయి దూలం చివర, గోడలో దూర్చిన చోట చేరతాయి. టేకు కుళ్ళేది అక్కడే. మళ్ళీ కురుస్తుంది, మళ్ళీ ఇంకో పూత. అంగుళం మందం సిమెంటు అంటే చదరపు మీటరుకి 50 కిలోల పైనే బరువు. మూడు పూతలైతే లెక్క మీరే వేసుకోండి. ఆ దూలాలు ఆ బరువుకి వేసినవి కావు.

కాబట్టి మిద్దె మీద ఒక మూల చిన్న గుంట తవ్వించి, పైన ఎన్ని పొరలున్నాయో చూడండి. తూములు చూడండి. మన తమిళనాడులో 2003లో వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశాక చాలా పాత ఇళ్ళలో మూడు నాలుగు తూముల్ని మూసేసి అన్నిటినీ ఒకే సన్నటి పైపులో కలిపేశారు. గంటసేపు గట్టి వాన పడితే ఆ పైపు చాలదు, మిద్దె మీద నీళ్ళు నిలుస్తాయి. పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే చదరపు మీటరుకి 100 కిలోలు. ఇంకుడు గుంత ఉండనివ్వండి, పైపులు మాత్రం పెంచాలి. లీకు తెలుసుకోవడానికి మిద్దె మీద నీళ్ళు కట్టి చూద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు కప్పు మధ్యలో ఉంటే గోడల మీదికి మార్పించండి. వెయ్యి లీటర్లంటే టన్ను.

తర్వాత దూలాల చివర్లు. గోడ దగ్గర కొద్దిగా పూత తీయించి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. టంగుమని ఆగితే సరే, మెత్తగా దిగితే ఆ ముక్క పోయినట్టు. అలా ఒకటి రెండు చోట్ల పోయినంత మాత్రాన కప్పంతా తీయనక్కర్లేదు. కింద జాకీలు పెట్టి, పోయిన మేర కోసి, రెండు పక్కలా ఉక్కు పలకలు బిగించి కొత్త టేకు అతుకుతారు. మీ కాంట్రాక్టరు ఇవేమీ చూడకుండానే స్లాబు అన్నాడంటే ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. స్ట్రక్చరల్ ఇంజనీరుని, అదీ సున్నం కట్టడాలు తెలిసినవాడిని, ఒకసారి పిలవండి. ఐఐటీ మద్రాసులో పాత కట్టడాల భద్రత కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది. వారసత్వ కట్టడాల్ని కాపాడే సంస్థ ఇన్‌టాక్ చెన్నై శాఖ వాళ్ళని అడిగినా ఎవరు పనిమంతులో చెబుతారు.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి, కత్తిరి ఎండలు ముదరకముందే పూర్తి చెయ్యాలి. సున్నం నిదానంగా ఆరాలి, తడి గోనెలు కప్పి ఉంచాలి. మే నెల ఎండలో వేస్తే పొడైపోతుంది, అక్టోబరులో వేస్తే వాన కడిగేస్తుంది.

పడమటి గోడ కూడా అదే జబ్బు. ప్లాస్టిక్ లాంటి పెయింటు వేసి ఉంటారు, లోపలి చెమ్మ బయటికి రాలేక దాన్ని తోసేస్తోంది. పెచ్చులు గీకించి, పైనుంచి నీళ్ళు ఆగాక ఒక సీజన్ ఊరికే ఆరనివ్వండి. తర్వాత సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి పూయించి, సున్నమే కొట్టించండి. ఒకప్పుడు పులికాట్ వైపు నుంచి గుల్ల సున్నం మద్రాసుకి వచ్చేది, దాంతో మెరుగు పెట్టిన గోడ అద్దంలా ఉండేది. ఇప్పుడు అంత పనితనం దొరకడం కష్టం, మామూలు పూతకి మాత్రం మేస్త్రీలు ఉన్నారు.

సన్‌షేడ్ మాత్రం సున్నం కాదు, ఇనుప కమ్మీల కాంక్రీటు. తుప్పు పడితే కమ్మీ ఉబ్బి సిమెంటుని తోసేస్తుంది. పైన పూత పెట్టి మూసేస్తే ఏదో ఒక రోజు ముక్క ఊడి కింద నడిచేవాళ్ళ మీద పడుతుంది. వదులుగా ఉన్నదంతా కొట్టి, కమ్మీని తెల్లగా రుద్ది, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో కట్టాలి. కొట్టకముందే ఆ ఒంపుకి ప్లైవుడ్‌తో అచ్చు కోయించుకోండి. అచ్చు లేకుండా కొట్టేస్తే మళ్ళీ ఆ గుండ్రం రాదు, మూల దగ్గర పలకలు పలకలుగా తేలుతుంది.

వైరింగు మాత్రం దయచేసి ఆలస్యం చెయ్యకండి. పాత రబ్బరు తొడుగు వైర్లు ముట్టుకుంటే పొడైపోతాయి, ఎర్తు ఉండదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. కప్పు కన్నా ముందే, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీలూ, షాకు కొట్టేలా ఉంటే క్షణంలో ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. గోడలు తొలిచి పైపులు దూర్చొద్దు, సున్నం గోడ అంత దెబ్బకి వదులవుతుంది. పాత చెక్క పట్టీల దారిలోనే కొత్తవి గోడ మీదుగా తీసుకెళ్తే చూడ్డానికీ ఇంటికి తగ్గట్టుంటుంది.


బసవనగుడి పాతిల్లు:

కోడలక్కా, బెంగళూరులో మా అమ్మమ్మ గారిల్లు పోయినేడు బాగు చేయించాం, అదీ ఎర్ర గచ్చే. దాని సంగతి నేను చెబుతాను.

మొదటిది, యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. పని అయ్యాక సిమెంటు మరకలు పోవాలని కూలీలు బాత్రూము యాసిడ్ పోసి కడుగుతారు. ఎర్ర రంగు పైన కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది, యాసిడ్ దాన్ని తినేస్తుంది, ఆ మచ్చ ఇంక పోదు. పాలిషింగు మిషను కూడా అంతే, గట్టిగా తిప్పితే రంగు పొర దాటిపోతుంది. కప్పు పని మొదలయ్యే ముందే నేలంతా పాత దుప్పట్లు, వాటి మీద ప్లైవుడ్ పరిపించండి. పద్మం ఉన్న చోట రెండు పొరలు.

నెర్రెకి, దాన్ని సన్నటి ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము తీసి, సిమెంటూ రెడ్ ఆక్సైడూ కలిపి నింపుతారు. ఆరాక రంగు మారుతుంది, తడిలో చూసి సరిపోయిందనుకోకూడదు. మా మేస్త్రీ నాలుగైదు పాళ్ళలో చిన్న బిళ్ళలు పోసి, వారం ఆరనిచ్చి, పక్కన పెట్టి పోల్చాడు. అయినా అతుకు తెలుస్తుంది అక్కా. డెబ్భై ఏళ్ళ అరుగుదలని కొత్త సిమెంటు తెచ్చుకోలేదు. మా అమ్మకి అది చూస్తే ఇప్పుడు బాధ లేదు, రోజూ తడిగుడ్డా, నెలకోసారి కొబ్బరినూనె చుక్కలతో పొడిగుడ్డా రుద్దుతుంది. మీ అత్తగారు తిరిగే దారిలో మాత్రం నూనె వద్దు, జారుతుంది.

కిటికీలు తీయకండి. పాత బర్మా టేకు ఇప్పుడు కొనాలన్నా దొరకదు. అడుగు చెక్క పుచ్చితే ఆ ఒక్కటి మార్పించొచ్చు. పెయింటు గీకేటప్పుడు పొడిగా సాండ్‌పేపరు పట్టనివ్వకండి. పాత రంగుల్లో సీసం ఎక్కువ ఉండేది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017లోనే అమల్లోకి వచ్చింది, అంటే మీ కిటికీల మీద అంతకుముందు పొరలన్నీ అనుమానించాల్సినవే. తడి చేసి గీకించి, మాస్కులు పెట్టించి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకుండా, చెత్తని కట్టి పారేయించండి.


టి.నగర్ మనవడు:

కోడలుగారూ, పెద్దాయన చెప్పిన పని అంతా సరైనదే. అయితే మేస్త్రీని పిలిచే ముందు మిగతా మూడు పోర్షన్లవాళ్ళతో కూర్చోండి. మిద్దె ఎవరిది? పంపకాల దస్తావేజులో మిద్దె నలుగురికీ ఉమ్మడి అని ఉందా, పై పోర్షన్లవాళ్ళదేనని ఉందా? ఉమ్మడి అయితే మీరొక్కరే విప్పించలేరు, ఖర్చూ మీరొక్కరే పెట్టుకోనక్కర్లేదు.

మా తాతగారి ఇల్లు పానగల్ పార్కు దగ్గర ఇలాంటిదే ఉండేది. ఇల్లు పాడై పోలేదండీ, నలుగురి మాట కలవక పోయింది. ఒకరు కిటికీ మార్చారు, ఒకరు బాల్కనీ మూశారు, ముందు గోడ నాలుగు రంగులైంది. అప్పటికి ఆ ఇంట్లో కాపాడేదేముంది అనిపించి అందరూ ఫ్లాట్లు కట్టే ప్రమోటరుకి సంతకాలు పెట్టారు. స్థలం వాటా పెరిగిన ధర చూస్తే మీ వాళ్ళకీ ఆ ఆలోచన రావడంలో తప్పు లేదు, వాళ్ళకీ ఖర్చులుంటాయి. అందుకే ఇల్లు పడగొట్టి కొత్త ఫ్లాట్లు కడితే ఎవరికెంత వస్తుంది, రిపేరు చేస్తే ఎవరికెంత పడుతుంది అనే రెండు లెక్కలూ దాచకుండా వాళ్ళ ముందు పెట్టండి.

ప్రభుత్వం కాపాడుతుందని అనుకోకండి. మౌంట్ రోడ్‌లో 1897 నాటి భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగు అంతటి దాన్నే 2006లో కూల్చడం మొదలుపెడితే ఇన్‌టాక్ హైకోర్టుకి వెళ్ళి ఆపాల్సి వచ్చింది. మన మామూలు ఇళ్ళు ఏ జాబితాలోనూ ఉండవు. నలుగురూ కలిసి ముందు గోడ, సన్‌షేడ్, గ్రిల్స్, రంగు ఎవరూ విడిగా మార్చకూడదని ఒక కాగితం రాసుకుంటే మీకు అదే రక్ష.


కీల్పాక్ కోడలు:

అందరికీ చాలా థాంక్స్. వెంటనే జవాబు రాయలేకపోయాను, చెప్పినవి చూసి వచ్చి రాద్దామనుకున్నాను.

దస్తావేజు తీయించాం. మిద్దె నలుగురికీ ఉమ్మడే. ఎదురు పోర్షన్ మా బావగారు సగం ఒప్పుకున్నారు, కింద ఉన్న చిన్నత్తగారు తూముల ఖర్చు తను కూడా పెట్టుకుంటానన్నారు. అమెరికాలో ఉన్న మరిది గారు ఇంకా జవాబివ్వలేదు. ఎంసీబీలూ ఆర్‌సీసీబీ అయిపోయాయి.

మిద్దె మీద గుంట తవ్వితే గానుగ సున్నం గారు చెప్పినట్టే రెండు సిమెంటు పొరలు, వాటి మధ్య తారు షీటు కూడా ఉంది. తూములు నాలుగింటిలో మూడు మూసేసి ఉన్నాయి. ఇంజనీరు వచ్చి చూశారు. హాల్లో ఒక్క దూలం పడమటి చివర మాత్రమే పుచ్చిందట, మిగతావన్నీ గట్టివే. అత్తగారు ఆ మాట విని దూలాలన్నిటికీ చేతికర్ర ఎత్తి చూపిస్తూ ఏది ఏ ఏడు నూనె పట్టించారో చెప్పారు.

బాబాయి గారూ, రెండు సందేహాలు. పుచ్చిన దూలం పక్కన కొన్ని ఇటుకలు జారిపోయాయి, ఆ సైజు ఇప్పుడు దొరుకుతుందా? బాత్రూముకి కొత్త పైపులు ఎటునుంచి తీసుకెళ్ళాలి?


గానుగ సున్నం:

మంచి కబురు చెప్పారమ్మా. సిమెంటు పొరలు తీసేటప్పుడు డ్రిల్లింగు మిషను పెట్టనివ్వకండి, ఆ అదురుకి కింద ఇటుకలు మరికొన్ని జారతాయి. చేత్తోనే, చిన్న సుత్తీ ఉలీతో, గోడ అంచు నుంచి లోపలికి రావాలి. తీసిన చెత్త కప్పు మీద కుప్ప పెట్టకుండా ఏ రోజుది ఆ రోజు దింపెయ్యాలి.

పైపులు వెనక గోడకి బయటి నుంచే తీసుకెళ్ళండి. బాత్రూము నేల పల్లం చేసి మట్టి నింపడం లాంటివి మీ కప్పు రకానికి పనికిరావు. కమోడు బయటి గోడకి ఆనించి పెడితే అవుట్‌లెట్ నేరుగా బయటికి పోతుంది, నేల ఎత్తు మారదు, అత్తగారికి గడప కూడా ఉండదు. పట్టుకునే రాడ్లు గట్టి ఇటుక గోడకే బిగించాలి.

ఇటుకలు కొత్తవి చెప్పి చేయించుకోవచ్చు. అయితే ముందు ఊళ్ళో పాత ఇళ్ళు పడగొడుతున్న చోట అడగండి, అవే సైజు, అవే కాల్పు దొరుకుతాయి. సున్నం అంటుకున్నవి గీకి నానబెట్టి వాడుకోవచ్చు. మేస్త్రీ కోసం ఈస్ట్ కోస్ట్ రోడ్ అంటే ఈసీఆర్‌లో ముట్టుకాడు దగ్గర పాత ఇళ్ళ మ్యూజియం దక్షిణచిత్రలో కూడా విచారించండి, చెట్టినాడు ఇల్లు, మన విశాఖ వైపు చుట్టిల్లు అన్నీ అక్కడ నిలబెట్టారు, పాత పని తెలిసినవాళ్ళ గురించి వాళ్ళకి తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు జారిన ఇటుక ఒకటి, పాత సున్నం పెళ్ళ ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళండి. ఫోటో చూసి ఏ మేస్త్రీ పాళ్ళు చెప్పలేడు.